బంగారం తీగ తెగే చోట: మాలిక్యులర్ ఎలక్ట్రానిక్స్‌లో నా ఆరేళ్లు

(ఇది వీడియో ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం. చదవడానికి అడ్డొచ్చే తడబాట్లు మాత్రం తీసేశాం.)



నన్ను ఈ ఎపిసోడ్‌కి పిలిచినప్పుడు ఒకటే షరతు పెట్టారు. ఫార్ములాలు వద్దు, మీ పని ఏమిటో, మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి చాలు అన్నారు. సులువే కదా అని ఒప్పుకున్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే తెలిసొచ్చింది, ఆరేళ్లుగా చేస్తున్న పని గురించి మా అమ్మకు కూడా ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదని. ఎవరైనా అడిగితే "ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ" అంటాను. ఇంకా అడిగితే "మాలిక్యులర్ ఎలక్ట్రానిక్స్" అంటాను. అక్కడితో అడిగేవాళ్లు ఆగిపోతారు, నేనూ ఆగిపోతాను.

ఈరోజు అక్కడ ఆగకుండా చెప్తాను. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. అందుకే నేను చదివే సంస్థ పేరు, మా గైడ్ పేరు చెప్పడం లేదు. పొరపాటు నాది, వాళ్లది కాదు.

మాది ప్రొద్దుటూరు. ప్రొద్దుటూరు అంటే బంగారం అంగళ్లు అని కడప జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా నాయన కంసాలి పని చేస్తాడు. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి ఆయన కుంపటి పక్కనే కూర్చుని హోంవర్క్ చేసేదాన్ని. కమ్మచ్చు అని ఒక ఇనప పలక ఉంటుంది. దానికి వరసగా చిల్లులు, ఒకదానికంటే ఒకటి సన్నం. బంగారం తీగను ఒక చిల్లులో దూర్చి, అవతల పట్టుకారుతో పట్టి లాగుతారు. తర్వాత ఇంకా సన్న చిల్లు. అలా తీగ సన్నబడుతూ పోతుంది. ఎప్పుడైనా మధ్యలో పుటుక్కున తెగితే నాయన ఏమీ అనడు. దాన్ని మూసలో వేసి మళ్లీ కరిగిస్తాడు.

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఫోన్ చేసి, "నాయనా, మా ల్యాబ్‌లో కూడా బంగారం తీగలే" అన్నాను. వెంటనే ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"ఎంత దొడ్డు పాపా?"

"పావు మిల్లీమీటర్."

"అంత దొడ్డా? మేం అంతకంటే సన్నం తీస్తాం కదా."

"అది మొదలు నాయనా. దాని కొసను ఒక్క పరమాణువు దొడ్డు వచ్చేదాకా లాగుతాం."

"తెగిపోదా?"

"తెగాల. తెగేదానికే లాగేది."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దానికి జీతం ఇస్తారా?" అన్నాడు.

ఇస్తారు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఎందుకు తెంపుతామో చెప్పాలి.

ఇక్కడ ఒక మాట. తెలుగులో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటం. "అణుబాంబు" అని రాసీ రాసీ ఈ రెండూ కలిసిపోయాయి. నేను అణువు అన్నప్పుడల్లా మాలిక్యూల్ అనే అనుకోండి. అంటే కొన్ని పరమాణువులు కలిసి ఏర్పడింది. నేను పని చేసే అణువుల పొడవు ఒక నానోమీటర్, ఒకటిన్నర నానోమీటర్ ఉంటుంది. మన వెంట్రుక మందంలో లక్షో వంతు దరిదాపుల్లో అన్నమాట.

అలాంటి ఒక్క అణువుకు రెండు వైపులా రెండు వైర్లు తగిలించి కరెంటు పంపితే ఏమవుతుంది? మా సబ్జెక్టు మొత్తం ఈ ఒక్క ప్రశ్నే. దీన్ని గట్టిగా అడిగినవాళ్లు అరీ అవిరామ్, మార్క్ రాట్నర్. 1974లో వాళ్లు ఒక చిన్న పేపర్ రాశారు. ఎలక్ట్రాన్లను తేలిగ్గా ఇచ్చే భాగం ఒక చివర, తేలిగ్గా తీసుకునే భాగం ఇంకో చివర ఉండి, మధ్యలో వంతెన లాంటిది ఉన్న అణువైతే అది డయోడ్‌లా పనిచేయాలి, అంటే కరెంటును ఒక దిక్కుకే బాగా పోనివ్వాలి అని. ప్రయోగం ఏమీ లేదు, అంతా లెక్క మీద చెప్పిందే. నాకు నచ్చే విషయం ఏమిటంటే అవిరామ్ అప్పటికి రాట్నర్ దగ్గర పీహెచ్‌డీ విద్యార్థి. అంటే మా సబ్జెక్టు పుట్టిందే ఒక స్టూడెంట్ థీసిస్‌లో.

చెప్పడం వరకు బాగానే ఉంది. కానీ ఒక్క అణువును పట్టుకునేదెలా? 1981లో స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ వచ్చాక దారి కనిపించింది. అణువుకు వైర్లు తగిలించి కొలిచామని మార్క్ రీడ్ బృందం సైన్స్ పత్రికలో రాసింది 1997లో. 2003లో షు, టావో అనే ఇద్దరు పద్ధతిని బాగా సులభం చేశారు. ఇప్పుడు నేను రోజూ చేసేది దాదాపు వాళ్ల పద్ధతే.

అది ఇలా ఉంటుంది. కింద చదునైన బంగారం పొర. పైన బంగారం తీగ కొస. ఆ కొసను మేం కత్తెరతో కత్తిరించి తయారుచేస్తాం. అవును, మామూలు కత్తెరే. లక్షల రూపాయల పరికరం కొసకు కత్తెరతో కోసిన ముక్క. ఆ కొసను కింద పొరలోకి గుచ్చి, నెమ్మదిగా పైకి లాగుతాం. బంగారం మెత్తన కదా, అందుకే సాగుతుంది. నగలకు ఈ మెత్తదనం పనికిరాదని రాగి కలిపి 916 చేస్తారు. మాకు మాత్రం ఆ మెత్తదనమే కావాలి, అందుకే 99.999 శాతం స్వచ్ఛమైన బంగారం కొంటాం. సాగి సాగి చివరకు మధ్యలో ఒక్క పరమాణువు మిగులుతుంది. 1998లో రెండు బృందాలు ఇలా లాగితే పరమాణువులు ఒకదాని వెనక ఒకటి గొలుసులా కూడా వస్తాయని చూపించాయి. నిజం గొలుసే, కాకపోతే మెడలో వేసుకునేది కాదు.

లాగుతున్నంతసేపూ చిన్న వోల్టేజి పెట్టి కరెంటు కొలుస్తూ ఉంటాం. ఒక్క పరమాణువు మిగిలినప్పుడు రెసిస్టెన్స్ సుమారు 12.9 కిలో ఓమ్‌లు ఉంటుంది. ఇది ఏ ల్యాబ్‌లో కొలిచినా అక్కడక్కడే వస్తుంది. ఎందుకంటే అది క్వాంటమ్ నియమం నిర్ణయించిన విలువ. దాన్ని తిరగేస్తే వచ్చే కండక్టెన్స్‌ను మేం జీ-నాట్ అంటాం. కండక్టెన్స్ అంటే కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో చెప్పే లెక్క. తర్వాత తీగ తెగుతుంది. తెగిన చోట రెండు బంగారం కొసల మధ్య చిన్న సందు. చుట్టూ ఉన్న ద్రవంలో మేం కలిపిన అణువులు తిరుగుతూ ఉంటాయి. వాటికి రెండు చివర్లా కొక్కేల్లాంటి పరమాణువులు ఉంటాయి, సల్ఫర్ గానీ నైట్రోజన్ గానీ. అదృష్టం బాగుంటే ఒక అణువు వచ్చి ఆ సందులో రెండు వైపులా తగులుకుంటుంది. అప్పుడు గ్రాఫ్‌లో కరెంటు పడిపోతూ పడిపోతూ ఒకచోట కాసేపు నిలుస్తుంది. మెట్టులా. ఆ మెట్టు ఎత్తే అణువు కండక్టెన్స్. ఇంకొంచెం లాగితే అదీ ఊడిపోతుంది.

ఇదంతా ఒక సెకను లోపు అయిపోతుంది. మళ్లీ గుచ్చుతాం, మళ్లీ లాగుతాం. ఒక రాత్రిలో కొన్ని వేల సార్లు.

ఎందుకన్ని సార్లు అంటే, ఏ రెండు లాగుడులూ ఒకేలా ఉండవు. అణువు ఒకసారి నిటారుగా తగులుకుంటుంది, ఒకసారి వాలుగా. చాలాసార్లు అసలు తగులుకోదు. ఒక్క గ్రాఫ్ చూసి ఏమీ చెప్పలేం. అన్ని గ్రాఫ్‌లలోని విలువలనూ కలిపి, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేస్తాం. దాన్ని హిస్టోగ్రామ్ అంటారు. ఎక్కడ గుట్టలా లేస్తే అక్కడ అణువు ఉన్నట్టు. మేం దాన్ని పీక్ అంటాం. మా బతుకంతా ఆ పీక్ కోసమే.

ఇక రోజు గురించి. చాలామంది సైంటిస్ట్ అంటే పగలు తెల్లకోటు వేసుకుని ఉంటాడనుకుంటారు. నా పని మొదలయ్యేది రాత్రి 9 తర్వాతే. ఎందుకంటే మా పరికరానికి అడుగుల చప్పుడు పడదు, లిఫ్ట్ పడదు, పక్క గదిలో పంపు పడదు. గాలి మీద తేలే టేబుల్ మీద పెట్టినా సరే, పగలు తీసిన డేటా చూస్తే అన్నీ గీతలే. మధ్యాహ్నం గాజు పాత్రలు యాసిడ్‌లో కడగడం, బంగారం పొరను మంటలో కాల్చి శుభ్రం చేయడం, సాయంత్రం ద్రావణం కలపడం. సల్ఫర్ కొక్కేలున్న అణువులైతే ఆ వాసన భరించలేం. కుళ్లిన వెల్లుల్లి వాసన. ఒకసారి ఆ చొక్కాతోనే మెస్‌కి వెళ్తే పక్కన కూర్చున్న అమ్మాయి కంచం తీసుకుని వేరే బల్ల దగ్గరకు పోయింది. ఆమెను తప్పు పట్టను.

ముందు ఏమీ కలపకుండా వెయ్యి సార్లు లాగి చూడాలి. అంతా శుభ్రంగా ఉందని తేలాకే అణువు కలిపిన చుక్క వేయాలి. రెండో భాగం మీద ఉన్న ఆత్రంతో మొదటి భాగం త్వరగా ముగించాలనిపిస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరకే మళ్లీ వస్తాను.

మా గైడ్ మేడమ్‌కి ఒక అలవాటుంది. కొత్తగా చేరిన వాళ్లకు మొదటి వారం చదవమని ఇచ్చేది పేపర్ కాదు, ఒక విచారణ కమిటీ నివేదిక. యాన్ హెండ్రిక్ షోన్ అనే జర్మన్ యువకుడి మీద 2002 సెప్టెంబర్‌లో వచ్చింది. అతను అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవాడు. 2001లో అతని పేరు మీద సగటున ఎనిమిది రోజులకో పేపర్ వచ్చింది. ఒకే అణువుతో ట్రాన్సిస్టర్ చేశానన్నాడు. మా రంగం అంతా ఊగిపోయింది. తర్వాత కొందరు శాస్త్రవేత్తలు గమనించిందేమిటంటే, వేర్వేరు ప్రయోగాల గ్రాఫ్‌లలో నాయిస్ ఒకేలా ఉంది. నాయిస్ అంటే సిగ్నల్‌లో కలిసే పిచ్చి గీతలు. అది ఏ రెండుసార్లూ ఒకేలా రాదు, రాకూడదు. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో తీసిన డేటాలో అచ్చు గుద్దినట్టు అదే నాయిస్ ఉందంటే ఒకటే గ్రాఫ్‌ను అటూ ఇటూ మార్చి వాడినట్టు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మాల్కమ్ బీస్లీ అధ్యక్షతన కమిటీ వేశారు. అసలు డేటా చూపించమంటే ఫైళ్లు లేవు, ల్యాబ్ నోట్‌బుక్‌లు సరిగా లేవు. కంప్యూటర్లో చోటు చాలక చెరిపేశానన్నాడు. 24 ఆరోపణల్లో 16 చోట్ల తప్పు చేశాడని కమిటీ తేల్చింది. ఉద్యోగం పోయింది. సైన్స్, నేచర్ పత్రికల్లో వచ్చిన పేపర్లు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తీసుకున్నారు. 2004లో పీహెచ్‌డీ ఇచ్చిన యూనివర్సిటీ ఆ డిగ్రీ కూడా రద్దు చేసింది.

చదివాను. అయ్యో అనుకున్నాను. ఇలాంటి పని నేనెందుకు చేస్తాను అని పక్కన పెట్టేశాను. నిజంగానే నేను అలాంటి మనిషిని కాదు. కానీ అలాంటి మనిషి కాకపోయినా పక్కదారి పట్టొచ్చని నాకు తెలియదు.

ఇప్పుడు నా పొరపాటు.

నా థీసిస్‌లో ముఖ్యమైన అణువులు రెండు. రెండింట్లోనూ మధ్యలో బెంజీన్ ఉంగరం ఉంటుంది. ఒకదాంట్లో కొక్కేల చేతులు ఉంగరానికి ఎదురెదురుగా ఉంటాయి, దాన్ని పారా అంటారు. రెండోదాంట్లో ఒకటి వదిలి ఒకటి పక్కన, అది మెటా. అవే పరమాణువులు, అవే లెక్క. తగిలించిన చోటు మాత్రమే వేరు. కానీ మెటాలో కరెంటు బాగా తక్కువ పోవాలని సిద్ధాంతం చెప్తుంది. ఎందుకంటే ఎలక్ట్రాన్ అలలా ప్రవర్తిస్తుంది. ఉంగరం చుట్టూ రెండు దారుల్లో వెళ్లిన అలలు అవతల కలిసేటప్పుడు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. చెరువులో రెండు రాళ్లు వేస్తే వలయాలు కలిసే చోట కొన్నిచోట్ల నీళ్లు కదలకుండా ఉంటాయి చూడండి, అలాంటిది. ఇది ఇంకా కొన్ని అణువుల్లో మిగతా ల్యాబ్‌లు చూపించినదే. మా అణువుల్లో చూపించడం నా పని.

పారా అణువుకు పీక్ చక్కగా వచ్చింది. మెటాకు రాలేదు. మూడో ఏడాది మొత్తం మెటా మీదే పోయింది. హిస్టోగ్రామ్ తీస్తే ఒక వాలు తప్ప ఏమీ కనిపించదు. అణువులు తయారుచేసి ఇచ్చే కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్లు, "మేం ఆర్నెల్లు కష్టపడి చేసిచ్చాం, ఏమైంది?" అని అడుగుతున్నారు. ఆ ఏడాదే నా ఫెలోషిప్ 5 నెలలు రాలేదు. ఎవరి వల్లో నాకు తెలియదు, ఎవరిని అడిగినా ఫైలు ఇంకో టేబుల్ మీద ఉందన్నారు. అప్పట్లో ఎస్ఆర్ఎఫ్ నెలకు 35,000. 2023 జనవరి నుంచి 42,000 అయింది. కాగితం మీద బాగానే ఉంటుంది. 5 నెలలు రాకపోతే మాత్రం మెస్ బిల్లుకు తమ్ముణ్ణి అడగాలి. వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న, హైదరాబాద్‌లో ఉద్యోగం. "అక్కా, ఎంత కావాలో చెప్పు, ఎందుకో చెప్పొద్దు" అన్నాడు. ఆ మాట ఎందుకో ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ సమయంలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఆలోచన తప్పేమీ కాదు. వేల లాగుళ్లలో చాలావాటిలో అణువు తగులుకోదు కదా, అవన్నీ కలిపితే అసలుది మునిగిపోతుంది కదా. అందుకని ఏ గ్రాఫ్‌లో మెట్టు ఉందో వాటిని మాత్రమే ఏరి హిస్టోగ్రామ్ వేద్దాం అని. మెట్టు ఎక్కడ వెతకాలి? సిద్ధాంతం ఫలానా చోట ఉండాలని చెప్పింది. ఆ చుట్టుపక్కలే వెతకమన్నాను. దాదాపు 6,000 గ్రాఫ్‌లలో 700 దాకా ఏరింది. హిస్టోగ్రామ్ వేస్తే, నేను మీకు ఎలా చెప్పను, ఎంత అందమైన పీక్ వచ్చిందో. సరిగ్గా సిద్ధాంతం చెప్పిన చోట.

మేడమ్‌కి చూపించాను. ఏరినట్టు చెప్పాను కూడా, దాచలేదు. ఆమె కొన్ని ప్రశ్నలు అడిగారు, సమాధానం చెప్పాను. ఒక కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపాం. పేపర్ రాయడం మొదలుపెట్టాను. ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి "వచ్చింది" అన్నాను. ఏం వచ్చిందో ఆయనకు తెలియదు. "సంతోషం తల్లీ" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా ల్యాబ్‌లో ఒక అబ్బాయి చేరాడు. వరంగల్ వైపు వాడు. నన్ను అక్కా అంటాడు. అతనికి డేటా విశ్లేషణ నేర్పమని మేడమ్ నాకు అప్పజెప్పారు. నా ప్రోగ్రామ్ చూపించి గొప్పగా వివరించాను. అంతా విని, చాలా మామూలుగా అడిగాడు.

"అక్కా, గీ ప్రోగ్రామ్‌ని ఉత్త సాల్వెంట్ డేటా మీద ఎప్పుడన్న నడిపిచ్చినవా?"

ఉత్త సాల్వెంట్ అంటే అణువు కలపకుండా లాగినవి. ప్రతి రాత్రీ నేను త్వరగా ముగించేసే మొదటి భాగం ఉంది చూడండి, అదే. నడపలేదు. అక్కర్లేదనుకున్నాను. అతని ముందే నడిపాను. నాలుగు వేల పైచిలుకు గ్రాఫ్‌లు. ప్రోగ్రామ్ సుమారు 400 ఏరింది. హిస్టోగ్రామ్ వేసింది.

అదే పీక్. అదే చోట.

అణువు లేదు. ఉత్త ద్రవం, ఉత్త బంగారం. కానీ పీక్ ఉంది. ఎందుకంటే ఆ పీక్‌ను తయారుచేసింది నా ప్రోగ్రామే. ఫలానా చోట గీత కాసేపు నిలిచిన గ్రాఫ్‌లు మాత్రమే ఏరమని చెప్తే, నాయిస్ వల్ల యాదృచ్ఛికంగా అక్కడ నిలిచినవన్నీ ఏరుకొచ్చి గుట్ట పోసింది. గుట్ట సిద్ధాంతం చెప్పిన చోటే లేవడంలో ఆశ్చర్యం లేదు, అక్కడే వెతకమని చెప్పింది నేనే కదా.

ఆ అబ్బాయి ఏమీ అనలేదు. నేను చాయ్ తాగొద్దాం పద అన్నాను. క్యాంటీన్ మూసేసి ఉంది. బయట మెట్ల మీద కూర్చున్నాం. నా బుర్రలో నడిచిన ఆలోచనలు నిజాయితీగా చెప్తాను. మొదటిది, ఇతను కొత్తవాడు, దీని సంగతి మర్చిపోతాడేమో అని. రెండోది, మెట్టు పొడవు ఇంకొంచెం ఎక్కువ పెడితే సాల్వెంట్ డేటాలో పీక్ పోతుందేమో, అణువు డేటాలో మిగులుతుందేమో అని. ఈ రెండో ఆలోచనే ప్రమాదం. మొదటిది దొంగతనం అని మనకు తెలుస్తుంది. రెండోది శాస్త్రంలాగే కనిపిస్తుంది. అలా ఒక్కో మరను తిప్పుకుంటూ పోతే, ఒకచోట మనకు కావాల్సింది తప్పకుండా వస్తుంది. షోన్ గ్రాఫ్‌లు గీశాడు. నేను గీయలేదు. కానీ నా గ్రాఫ్ కూడా లేని అణువునే చూపిస్తోంది.

మా రంగంలో ఇది కొత్త సమస్యేమీ కాదు. బెంజీన్ డైథయాల్ అనే ఒకటే అణువుకు 1997లో రీడ్ బృందం ఇచ్చిన రెసిస్టెన్స్ సుమారు 22 మెగా ఓమ్‌లు. 2004లో టావో బృందం ఇచ్చిన విలువ ఒక మెగా ఓమ్‌కి కొంచెం ఎక్కువ. ఇరవై రెట్ల దాకా తేడా. ఎవరూ మోసం చేయలేదు. ఒక్క అణువును కొలవడం అంత కష్టం అన్నమాట. 2006లో కొలంబియా యూనివర్సిటీలో లతా వెంకటరామన్, ఆమె సహచరులు సల్ఫర్ బదులు అమీన్ కొక్కేలు వాడి, ఏ గ్రాఫ్‌నూ ఏరకుండా, అన్నీ కలిపే స్పష్టమైన పీక్‌లు చూపించారు. అదే ఏడాది నేచర్‌లో వాళ్లదే ఇంకో పని వచ్చింది. రెండు బెంజీన్ ఉంగరాలు కలిసిన అణువులో ఆ ఉంగరాలు ఒకదానికొకటి మెలిపడే కొద్దీ కరెంటు ఎలా తగ్గుతుందో ఏడు అణువులతో కొలిచారు. ఆ పేపర్లు నేను మొదటి ఏడాదిలోనే చదివాను. "ఏరకుండా" అన్న మాట కింద పెన్సిల్‌తో గీత కూడా గీశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఏరడం ఎప్పుడూ తప్పు అని నేననను. ఇప్పుడు చాలా బృందాలు గ్రాఫ్‌లను రకాలుగా విడదీసే పద్ధతులు వాడుతున్నాయి, బాగా వాడుతున్నాయి. కానీ ఏ నియమంతో ఏరారో చెప్పాలి, ఆ నియమం సిద్ధాంతం చూసి పెట్టుకున్నది కాకూడదు, ఉత్త సాల్వెంట్ మీద కూడా అదే నియమం నడిపి ఆ బొమ్మ పక్కనే పెట్టాలి.

మర్నాడు పొద్దున మేడమ్ దగ్గరకు వెళ్లాను. రెండు ప్రింట్లు ఆమె బల్ల మీద పెట్టాను. "మేడమ్, ఇది అణువు కలిపింది, ఇది కలపనిది." ఆమె రెంటినీ కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశారు. నాకు ఆ రెండు నిమిషాలు చాలా పొడవు అనిపించాయి. కోప్పడతారనుకున్నాను. "నేను అడగాల్సిన ప్రశ్న ఇది, నేనూ అడగలేదు" అన్నారు. తర్వాత కాన్ఫరెన్స్ వాళ్లకు మెయిల్ నన్నే రాయమన్నారు. అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకుంటున్నాం, కారణం ఇది అని. కారణం రాయకుండా కూడా పంపొచ్చు కదా మేడమ్ అన్నాను. రాయి అన్నారు. కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్లకు మాత్రం ఆమే చెప్పారు. వాళ్లు కొన్నాళ్లు మాతో సరిగా మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే మాట్లాడకపోవడంలో న్యాయం ఉంది.

ఆ తర్వాత ఏడాదికి పైగా పట్టింది. మెటా సిగ్నల్ కనిపించకపోవడానికి అసలు కారణం, మా యాంప్లిఫయర్ కొలవగలిగిన దానికంటే అది కిందెక్కడో ఉండటం. జీ-నాట్‌లో లక్షో వంతు దగ్గరికి వచ్చేసరికి మాకు నాయిస్ తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆ నాయిస్ కిందకు దిగాలి. వైర్లు పొట్టి చేశాం, కప్పే డబ్బా మార్చాం, కరెంటును లాగరిథమ్ పద్ధతిలో కొలిచే యాంప్లిఫయర్ కట్టాం. సోల్డరింగ్ అయితే నేనే చేశాను. మా నాయన చేతివాటం కొంచెం నాకూ వచ్చినట్టుంది, అతుకులు బాగా కుదిరాయి. చివరకు జీ-నాట్‌లో పది లక్షల వంతు కిందకు దిగగలిగాం. పెట్టే వోల్టేజికి అది సుమారు 8 పికోఆంపియర్లు. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు.

అప్పుడు కనిపించింది మెటా. అందంగా ఏమీ లేదు. వెడల్పుగా, పొట్టిగా, ఒక దిబ్బ. ఒక్క గ్రాఫ్ కూడా ఏరలేదు. ఉత్త సాల్వెంట్‌లో అక్కడ ఏమీ లేదు. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి పేపర్ రాశాం. పోయిన ఏడాది వచ్చింది, పెద్ద జర్నల్ కాదు. వరంగల్ అబ్బాయి రెండో రచయిత. సిద్ధాంతం చెప్పిన దానికంటే మా విలువ ఇంకా తక్కువ ఉంది. ఎందుకో వివరించడం ఇప్పుడు అతని థీసిస్.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ అణువులతో ఫోన్లు, కంప్యూటర్లు ఎప్పుడొస్తాయి అని. నా అభిప్రాయం అడిగితే, సిలికాన్ చిప్ స్థానంలోకి మా అణువులు ఇప్పట్లో రావు. ఒక అణువును ఒక క్షణం పట్టుకోవడానికే ఇంత తంటా అయితే కోట్ల అణువులను ఏళ్ల తరబడి పట్టి ఉంచేదెలా? కానీ ఎలక్ట్రాన్ ఒక అణువులోంచి ఎలా దాటుతుందో ఇంత నేరుగా చూడగలిగే చోటు ఇంకోటి తక్కువ. సోలార్ సెల్‌లోనూ, మన ఒంట్లో ఊపిరి పీల్చే ప్రోటీన్లలోనూ జరిగేది అలాంటి దాటుడే. నాకు అది చాలు. అది చాలదు అనేవాళ్లతో నేను వాదించను.

థీసిస్ ఇంకో నాలుగు నెలల్లో ఇవ్వాలి. తర్వాత ఏమిటి అని అమ్మ అడుగుతోంది. పోస్ట్‌డాక్ అంటే, "మళ్లీ చదువా?" అంది. చదువు కాదమ్మా, ఉద్యోగమే అన్నాను. "మళ్లీ ఉద్యోగం పోయే ఉద్యోగమా?" అంది. మా అమ్మ ఈ దేశంలో చాలామంది కంటే పోస్ట్‌డాక్‌ను బాగా అర్థం చేసుకుంది.

నాయన పోయిన సంక్రాంతి తర్వాత ఒకసారి ల్యాబ్ చూడటానికి వచ్చాడు. రాత్రి పది దాకా కూర్చోబెట్టాను. స్క్రీన్ మీద గీతలు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. చాలాసేపు చూసి, ఒక గీత దగ్గర వేలు పెట్టి, "ఇదేనా తెగే చోటు?" అన్నాడు. అదే నాయనా, దాని పక్కన ఉన్న చిన్న మెట్టు ఉంది చూడు, అది అణువు అన్నాను. తల ఊపాడు. బయటికి వచ్చాక అడిగాడు.

"పాపా, వాడేసిన తీగ ముక్కలు ఏం చేస్తారు?"

"ఒక చిన్న సీసాలో వేసి పెడతాం."

"ఆ సీసా ఎవరి దగ్గర ఉంటాది?"

"నా దగ్గరే నాయనా. బీరువాలో తాళం వేసే ఉంది."

అప్పటికి గానీ ఆయన నిమ్మళంగా ఆటో ఎక్కలేదు.

 ప్రశ్నలుంటే పంపండి, తెలిసినంతవరకు జవాబు చెప్తాను. పగలు పంపితే మాత్రం జవాబు రాత్రికే వస్తుంది.